తెరేసియో ఇంట్లో వంకర గోడ

ఇటలీలోని లాంగె కొండల్లో తాపీ పట్టినవాళ్ళలో తెరేసియోకి మంచి పేరు. అతను కట్టిన గోడకు తాడు పట్టి చూడక్కర్లేదనేవారు. అలాంటివాడి సొంత ఇంట్లోనే, నేలమాళిగలో పీపాల వెనక, ఒక వంకర గోడ ఉంది. కింది వరసలు గీత గీసినట్టుంటాయి. పై ఐదు వరసలు మాత్రం తప్పతాగి ఇంటికెళ్తున్నవాళ్ళలా ఒకదాని మీదొకటి ఒరిగి ఉంటాయి. అది చూసి నవ్వనివాడు ఊళ్ళో లేడు.

ఆ గోడ వెనక కూతురు నొయేమీ పుట్టిన ఏటి బరోలో వైన్ ఉంది, నలభై సీసాలు. పిల్ల పుట్టిన ఏటి వైన్‌ని గోడ కట్టి దాచి, పెళ్ళినాడే తీయడం ఆ ఊరి ఆనవాయితీ. పీపాల్లో ఊరి ఊరి అది సీసాల్లోకి దిగేసరికి నొయేమీకి నాలుగేళ్ళు నిండాయి. ఆ పుట్టినరోజునాడు తెరేసియో బావమరిదితో కలిసి తాగుతూ గోడ కట్టాడు. ఎలా ముగించాడో, మంచం ఎలా ఎక్కాడో అతనికి గుర్తు లేదు. మర్నాడు మధ్యాహ్నం దిగి చూస్తే గోడ పూర్తయి ఉంది, వంకరగా.

వంకరపోతే పోయింది, అసలు భయం వేరే. బరోలో సీసాను పడుకోబెట్టాలి. నిలబెడితే కార్కు ఎండి, గాలి దూరి, వైన్ కాస్తా వెనిగర్ అయి కూర్చుంటుంది. తను నిలబెట్టాడా, పడుకోబెట్టాడా? ఎంత బుర్ర గోక్కున్నా గుర్తుకు రాలేదు. పగలగొట్టి చూద్దామంటే, పెళ్ళికి ముందు ఆ గోడ ముట్టుకుంటే పిల్లకు మంచిది కాదంటారు. భార్య దెల్ఫీనాని అడిగితే, నిలబెడుతుంటే కళ్ళారా చూశానని చెప్పి చక్కా పోయేది. ఆపైన అతను గొప్పలకు పోయినప్పుడల్లా, సలాడ్‌లోకి వెనిగర్ కొనక్కర్లేదు, గోడ వెనక బోలెడుందని దెప్పేది. ఇలా పాతికేళ్ళు.

మే నెలలో నొయేమీ పెళ్ళయింది. పెరట్లో బల్లల ముందు డెబ్బై మంది, వంటింట్లో వైన్‌లో ఉడుకుతున్న గొడ్డుమాంసం. తెరేసియో సుత్తి పట్టుకుని నేలమాళిగలోకి దిగాడు, వెనకే దెల్ఫీనా, పెళ్ళికూతురూ, సగం ఊరూ. పిల్ల కోసం దాచిందల్లా అదొక్కటే, అదీ తన చేతులారా పాడుచేశానేమోనని అతని భయం. పై ఇటుక మీద కొట్టాడు, కదల్లేదు. మళ్ళీ కొట్టాడు. మూడో దెబ్బకి ఊడింది. టార్చి వేసి చూశాడు.

సీసాలన్నీ హాయిగా పడుకుని ఉన్నాయి. వరసకీ వరసకీ మధ్య ఎర్రపూల గుడ్డ పరిచి ఉంది. ఆ గుడ్డ తను పరచలేదు. అది దెల్ఫీనా పాత ఏప్రన్.

అతను వెనక్కి తిరిగి చూశాడు. తప్పించుకునే దారి లేక దెల్ఫీనా నోరు విప్పింది. "నలభైకి నలభై నిలబెట్టావు. చెప్తే వినేలా ఉన్నావా అప్పుడు? తెల్లారి నువ్వు గురక పెడుతుంటే దిగొచ్చాను. సున్నం ఇంకా తడిగానే ఉంది. పై ఐదు వరసలూ తీసి, వీటిని పడుకోబెట్టి, మళ్ళీ నేనే పేర్చాను."

"మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"ఎలా చెప్పను? మేస్త్రీ పెళ్ళాన్ని. ఆ గోడ చూసి ఊరంతా నవ్వుతుంటే, అది నాదని ఎలా చెప్పుకోను?"

తెరేసియో పీపా మీద కూలబడి కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాడు. సీసాలు పైకి తెచ్చి, మొదటి గ్లాసు నొయేమీకే పోశాడు. పాత ఇటుక రంగు తిరిగిన బరోలో, ఎండిన గులాబీల వాసన. ఆమె ఒక గుక్క తాగి తండ్రి మెడ చుట్టూ చేతులు వేసింది.

అప్పుడతను కిందికెళ్ళి, ఊడిన ఇటుకను తెచ్చి కేకు పక్కన పెట్టాడు. అందరూ మళ్ళీ నవ్వబోతుంటే చెయ్యెత్తి ఆపాడు.

"యాభై ఏళ్ళుగా గోడలు కడుతున్నాను, పడగొడుతున్నాను," అన్నాడు. "మూడు దెబ్బలు తింటే గానీ ఊడని ఇటుక ఇదొక్కటే."

పాతికేళ్ళుగా మాట తడుముకోని దెల్ఫీనా, తన గ్లాసు తనే నింపుకుని తలొంచుకుంది.