పదకొండు రకాల నలుగుపిండి

రాయి బిడ్డా, మీ నాయనమ్మ చెప్పింది ఉన్నదున్నట్టు రాయి. నీ మొహం సంగతే చెప్తున్న, సిగ్గుపడకు.

నువ్వు కోదాడలో ఉద్యోగంలో చేరి, మా యారాలి ఇంట్లో, అంటే మీ తాత తమ్ముడి భార్య దగ్గర ఉండబట్టి అప్పటికి నాలుగు నెలలు. మొదటి నెల సూర్యాపేటకు, మనింటికి వచ్చినప్పుడు నీ బుగ్గల నిండా మొటిమలే. నాలుగో నెలకు చూస్తే మొహం నున్నగా ఉంది. ఏం రాశావని అడిగితే, చిన్న నాయనమ్మ చెప్పినట్టు చేశానన్నావు. పొద్దున ఉత్త నీళ్లు, ఆఫీసు నుంచి వచ్చాక పెసరపిండిలో పెరుగు, పడుకునే ముందు కలబంద గుజ్జు. రోజూ అవే.

"గంతేనా?" అన్నాను. పసిగుడ్డుగా ఉన్నప్పటి నుంచి నీకు నలుగు పెట్టినవి ఈ చేతులు. నేను పెడతానంటే గరుకుగా ఉంటదని పారిపోయేదానివి. ఆమె చెబితే ఒక్కరోజు తప్పకుండా చేశావు. అసలు ఆమె కొత్తకోడలుగా వచ్చినప్పుడు నలుగు కలపడం నేర్పింది నేనే. ఆ ముక్క నీకు చెప్పిందా? చెప్పి ఉండదు.

ఆదివారం నీతో పాటు ఆమె కూడా వస్తుందని తెలిసింది. ఆమెవి మూడైతే నావి పదకొండు రకాలు ఉండాలనుకున్నాను. పెసలు, శనగపప్పు, కస్తూరి పసుపు, ఎండిన గులాబి రేకులు, నారింజ తొక్కలు, వట్టివేళ్లు. మిగతావి రాయకు, ఆమె చదువుతుంది. ఇక్కడ దొరికిన వట్టివేళ్లకు వాసన లేదని మిర్యాలగూడ దాకా పోయి తెచ్చాను.

ఆదివారం పొద్దున అన్నీ పిండి పట్టించడానికి గిర్నీకి పోయేసరికి, తుంగతుర్తి నుంచి వచ్చినామె ఏడాదికి సరిపడా కారం పట్టించుకుని లేస్తోంది. కారం పట్టిన మిషన్‌లో ముందు రెండు గుప్పిళ్ల బియ్యం తిప్పించి, ఆ తర్వాతే మన పిండి పోయించుకుంటాం. ఇది నాకు తెలియనిది కాదు. గిర్నీ అతను కూడా జర ఆగమన్నాడు. మీ బస్సు వచ్చే వేళైంది.

"ఏం కాదు, పట్టు," అన్నాను.

పిండి కాస్త ఎర్రగా వస్తే గులాబి రేకుల రంగనుకుని మురిసిపోయాను.

నువ్వు వద్దన్నా వినకుండా పెరట్లో పీట మీద కూర్చోబెట్టి, ఆమె చూస్తుండగా రెండు చెంపలకూ దట్టంగా పట్టించాను. రెండు నిమిషాలు కాలేదు, నువ్వు నల్లా దగ్గరికి పరుగెత్తావు. ఆమె గబగబా లేచింది. లోపలికి పోయి, నా ఫ్రిజ్‌లోంచి నా పెరుగు గిన్నే తెచ్చి నీ మొహానికి రాసింది. నువ్వు ఆమె భుజానికి ఆనుకుని కూర్చున్నావు. తప్పు నాదే, నిజమే. అయినా నీ మొహం మంట కంటే నాకు ఆ భుజమే ఎక్కువ మండింది.

అంతా సద్దుమణిగాక ఆమె నా పిండిని చిటికెడు నాలుక మీద వేసుకుంది.

"ఉప్పొక్కటే తక్కువైంది అక్కా," అంది.

మంటలో కూడా నువ్వు నవ్వావు. అదీ చూశాను.

మర్నాడే మళ్లీ పదకొండు రకాలూ కూర్చి, బియ్యం తిప్పించి మరీ పట్టించాను. నీకు ఫోన్ చేస్తే ఏమన్నావో రాయి. "ముందుగాల నీ మొహానికి వారం పెట్టుకో నాయనమ్మా. నీకేం కాకపోతే అప్పుడు సూద్దాం."

పెట్టుకున్నాను. ఈ వయసులో రోజూ పొద్దున మొహం పచ్చగా చేసుకుని కూర్చుంటే పాలబ్బాయి కూడా వింతగా చూశాడు. వారం గడిచాక వచ్చి నా చెంపలు తడిమి చూశావు. కుడి చెంపకు నాది పెట్టనిస్తానన్నావు. ఎడమది చిన్న నాయనమ్మ పెరుగుపిండికే అన్నావు.

సరేనన్నాను. సగం మొహమన్నా దక్కింది. ఇప్పుడు నెల దాటింది. నా కంటికి కుడిదే మెరుస్తోంది. రేపు కోదాడ పోయినప్పుడు ఆమె ముందు ఏ చెంప పెట్టి కూర్చుంటావో, అది మాత్రం నాకు చెప్పకు.