పచ్చ సినిమాల పంచాయితీ

పాత ఇటలీ హత్య సినిమాల పిచ్చి నాకు అంటించింది నా మొగుడే. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, చెప్పాల్సినచోట ఆయన చెప్పలేదు కాబట్టి.

దోహాలో ఆయన పనిచేసే హోటల్ వంటింట్లో పెద్ద వంటమాస్టరు ఇటలీ మనిషి. ఈ సినిమాల రుచి అతనే చూపించాడట. నిరుడు సెలవు మీద కోరుట్లకు వచ్చినప్పుడు, మధ్యాహ్నాలు తలుపు దగ్గరేసి ల్యాప్‌టాప్‌లో ఇద్దరం చూసేవాళ్లం. నేను సిరిసిల్లలో మరమగ్గాల ఇంట్లో పుట్టినదాన్ని, రంగు బాగుంటే కళ్లు అతుక్కుపోతాయి. ఎర్ర తివాచీ, నీలం వెలుగు పడే మెట్లు, నల్ల తోలు గ్లౌజు వేసుకున్న చెయ్యి... అబ్బ! ఒక మనిషి హత్యను కళ్లారా చూస్తాడు, చూసినదాన్నే తప్పుగా అర్థం చేసుకుంటాడు. సినిమా అంతా ఆ ఒక్క తప్పు వెంటే తిరుగుతుంది. అది నాకు మహా ఇష్టం.

ఒళ్లు మండేది కూడా. పెదవులు ఒకటంటే మాట ఇంకొకటి వినిపిస్తుంది. పోలీసులు వట్టి దద్దమ్మలు. ఆఖర్న హంతకుడు చెప్పే కారణం వింటే, దీనికా ఇంతమందిని చంపింది అని నవ్వొస్తుంది. పైగా మగవాడు చస్తే ఒక్క పోటు. ఆడదైతే తీరిగ్గా, అందంగా చూపిస్తారు.

"అన్నిట్ల ఆడోళ్లనే గిట్ల సంపుడేంది?" అంటే, "కథ ఎవడు జూడుమన్నడే? రంగులు జూడు" అని నవ్వేవాడు. ఆ నవ్వు నచ్చకపోయినా చూశాను. ఆయన పక్కన అంతసేపు కూర్చోవడానికి నాకు వేరే సాకు లేదు.

ఆయన వెళ్లిపోయాక ఒక్కదాన్నే ఫోన్‌లో చూస్తుంటే, జగిత్యాల నుంచి వచ్చిన ఆడబిడ్డ "ఏం సినిమాలు వదినా గివి?" అంది. ఇటలీలో ఇలాంటి నవలలకు పసుపు అట్టలు వేసేవారట, సినిమాలకూ అదే పేరు పడిందట. మా దిక్కు పసుపైనా ఆకైనా పచ్చే కదా. "పచ్చ సినిమాలంటరు" అన్నాను.

వంటింట్లో ఉన్న అత్తమ్మకు 'పచ్చి సినిమాలు' అని వినిపించింది. ఇంకేముంది! "మొగడు దేశంల లేకపాయె, పట్టపగలు పచ్చి బూతులు జూస్తున్నవానే?" అని లేచింది. పచ్చ వేరు, పచ్చి వేరు అని మొత్తుకున్నా వింటేనా? ఆడబిడ్డ సరిగ్గా విని కూడా కిమ్మనలేదు. అత్తమ్మ అప్పటికప్పుడే కొడుక్కు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది.

నాకేం భయం లేదు. "నేనే చూపెట్టిన అమ్మా" అని ఆయన ఒక్క మాటంటే చాలు, పంచాయితీ తెగిపోతుంది. ఆ మాట కోసం ఫోన్ వైపే చూస్తూ నిలబడ్డాను.

"గవన్ని నాకెర్క లేదమ్మా. బంద్ చెయ్యిమని దానికి జెప్పు" అన్నాడు.

దానికట! ఎదురుగానే ఉన్నాను.

మర్నాడు కొత్త సినిమా లింకు పంపి, కింద రాశాడు: "అమ్మ ముందట ఏం జెప్పాలె? గిది జూడు, రంగులు మస్తున్నయ్. అమ్మకు కనవడనియ్యకు."

"గసొంటియి నాకెర్క లేదు" అని రాశాను. చదివినట్టు రెండు నీలి గీతలు పడ్డాయి. ఇది జరిగి నెలయింది. రోజూ ఫోన్ చేస్తాడు, తిన్నావా అంటాడు, తిన్నానంటాను. మళ్లీ సెలవు ఎప్పుడని మాత్రం నేను అడగడం లేదు.