మా బావ మోకాళ్ళ కొలత

మా బావకి ఒకటే జబ్బు. బండి ముందు ఇనుప గార్డు బిగించమని ఎవరు జీపు తెచ్చినా టేపు తియ్యడు, పెన్సిలు తియ్యడు. బండికి ఎదురుగా వెళ్ళి ముందు నిటారుగా నిలబడతాడు, తర్వాత గొంతుక్కూర్చుంటాడు, ఆఖరికి చేతులూ మోకాళ్ళూ నేలకి ఆనించి దూడలా వంగుతాడు. మూడుసార్లూ డ్రైవరుతో ఒకటే మాట. "నెమ్మదిగా రా. నాకు తగిలాక ఆపు."

బావంటే మా అక్క భర్త. ఊరి చివర, మట్టిరోడ్లు మొదలయ్యే చోట ఆయనకి వెల్డింగు షాపు ఉండేది. ఉండేది అని ఎందుకంటున్నానో చెబుతాను. చెబుతుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. మీకు నవ్వొస్తే నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

మా వైపు జీపుకి ముందు గార్డు లేకపోతే కుదరదు. అడవిపందో, గేదో, విరిగిపడిన కొమ్మో, ఏది తగిలినా రేడియేటరు పగిలి, నీళ్ళన్నీ కారిపోయి, బండి నడిదారిలో చతికిలపడుతుంది. నేను పశువుల ఆసుపత్రిలో జీపు డ్రైవర్ని. జబ్బు చేసిన పశువుని బతికించడానికి వెళుతూ దారిలో నిక్షేపంగా ఉన్న పశువుని గుద్దడం మా ఆఫీసుకి అలవాటే. కాబట్టి గార్డు గురించి నాకు తెలిసినంత ఎవరికీ తెలియదనుకునేవాణ్ణి. లావు పైపు, పలకలు తేలిన మూలలు, చాసిస్‌కి కదలకుండా పట్టే బోల్టులు. నా లెక్కలో గార్డంటే అది.

బావ చేసేది వేరు. గుండ్రటి పైపు కిందికి దిగి, పైభాగం కాస్త వెనక్కి వాలి ఉండేది. చాసిస్‌కి పట్టే పట్టీలు గట్టి దెబ్బ తగిలితే మడతపడేలా కోసేవాడు. మూలలన్నీ అరచేత్తో తడిమి, చెయ్యి గీసుకుంటే మళ్ళీ గ్రైండరు పెట్టేవాడు. అంతా అయ్యాక చూస్తే జీపు ముందు చంటిపిల్ల ఉయ్యాల కట్టినట్టుండేది.

"టేపు ఉందిగా బావా, ఈ పాకడం ఎందుకు?" అన్నానొకసారి.

"టేపుకి నొప్పి తెలీదురా."

"గార్డు పెట్టేది బండిని కాపాడ్డానికి."

"బండిలో నువ్వుంటావు, నీ చుట్టూ ఇనుముంది. బయటున్నదానికి ఏముంది?"

"బయటున్నది రోడ్డెక్కకూడదు."

"ఆ సంగతి దూడకి నువ్వు చెప్పిరా, రేపటినుంచి నువ్వన్నట్టే చేస్తా."

ఇలాంటి మనిషితో ఏం వాదిస్తాం. ఒకరోజు కలప డిపో యజమాని కొడుకు కొత్త జీపు తీసుకుని వచ్చాడు. గార్డుకి ముందు కొమ్ముల్లాంటివి కావాలన్నాడు. "జనం చూసి జడుసుకోవాలి," అన్నాడు.

"జడుసుకున్నవాడు పక్కకి తప్పుకోడు బాబూ, ఉన్నచోటే బిగుసుకుపోతాడు. అప్పుడేం చేస్తావు?"

అబ్బాయి హారను ఒకసారి నొక్కాడు.

"పోనీ నువ్వు దిగి ఇలా గొంతుక్కూర్చో. నేను తోల్తాను. ఎలా ఉంటుందో చూసి అప్పుడు చెప్పు."

అబ్బాయి దిగలేదు. రివర్సు గేరు వేసి, రోడ్డుకి అవతలి షాపు ముందు ఆపాడు. అక్కడ అద్దాల తలుపులు, ఏసీ గది, గోడనిండా తళతళలాడే గార్డులు. వేలు చూపిస్తే చాలు, దించి బిగించేస్తారు. దాని యజమానిని అందరూ అద్దాలాయన అనేవారు. బావ పోగొట్టుకున్న బేరాలన్నీ నడిచి వెళ్ళే దూరంలోనే ఉండటంతో ఆయనకి ప్రచారం ఖర్చు కూడా లేదు.

మా అక్క తన మొగుడితో చెప్పాల్సిన మాటలన్నీ నాతో చెప్పేది, ఆయనకి వినపడేలా. "వచ్చినవాళ్ళని కూర్చోబెట్టమంటే, మీ బావగారు గొంతుక్కూర్చోబెడుతున్నారు." బావ విని తల ఊపేవాడు, చాలా మంచి మాట విన్నట్టు.

చివరికి షాపు స్థలం యజమాని తేల్చి చెప్పేశాడు. వానాకాలం లోపు పని పుంజుకోకపోతే ఖాళీ చెయ్యాల్సిందే. సరిగ్గా అప్పుడే మా ఆఫీసులో పన్నెండు జీపులకి గార్డులు పెట్టించాలనుకున్నారు. నేను పెద్ద డాక్టరుగారి కాళ్ళావేళ్ళా పడి, ఒక్కసారి బావ షాపు చూడమని ఒప్పించాను. ఈ పని దొరికితే షాపు ఉంటుంది, లేకపోతే పోతుంది. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, బావకి కూడా.

"బావా, ఆయనొచ్చినప్పుడు నిలబడి మాట్లాడు. అంతే, ఇంకేం వద్దు. నిలబడు."

"సరేరా, నిలబడతా."

అక్క ఆ మాటని నమ్మలేదు. పెళ్ళినాటి ప్యాంటు వెతికి తీసి బావ చేత తొడిగించింది. అది ఎంత బిగుతంటే మనిషి మోకాలు వంచలేడు. అక్క తెలివికి నేను మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

పెద్ద డాక్టరుగారు వచ్చారు. బావ అయిదు నిమిషాలు నిలబడ్డాడు, నిజంగానే నిలబడ్డాడు. అప్పుడు డాక్టరుగారు, "ఏది అడ్డమొచ్చినా సరే, మన జీపు మీద గీత పడకూడదు. అలాంటిది చెయ్యండి," అన్నారు. బావ మొహం మారింది. నేను వద్దని తల ఊపాను, గుమ్మంలోంచి అక్క కూడా ఊపింది. పర్రుమని ఒక చప్పుడైంది. చూసేసరికి బావ జీపు ముందు చేతుల మీదా మోకాళ్ళ మీదా ఉన్నాడు, ప్యాంటు రెండుగా చీలి ఉంది.

"డ్రైవరుని నెమ్మదిగా రమ్మనండి సార్. ముందు నాకు తగలనివ్వండి."

డాక్టరుగారు ఆ చిరుగు వైపు చూసి, నా వైపు తిరిగారు. "ఇలా నిలబడేవి మన ఆసుపత్రికి రోజూ వస్తాయోయ్. కానీ అవి షాపులు పెట్టవు." ఆ మాటకి వెంట వచ్చిన గుమాస్తాలు నవ్వారు. సిగ్గులేకుండా నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆర్డరు రోడ్డు దాటి అద్దాలాయన దగ్గరికి వెళ్ళింది. వానలకి ముందే బావ షట్టరు దించి తాళం స్థలం యజమాని చేతిలో పెట్టాడు. అద్దాలాయనకి ఆర్డరైతే వచ్చింది గానీ పన్నెండు జీపుల పని చెయ్యగల వెల్డరు లేడు. అందుకని బావని పనిలో పెట్టుకున్నాడు. తనకి రావాల్సిన పని, ఇంకొకడి కింద కూలికి చేశాడు మా బావ. నేను ఆయనతో మాట్లాడటం మానేశాను. అక్క ఆయన్ని ఒక్క మాటా అనలేదు, నాకు అదే ఎక్కువ బాధనిపించింది.

గార్డులు మాత్రం డాక్టరుగారు కోరినట్టే వచ్చాయి. వెడల్పుగా, నల్లగా, నిగనిగలాడుతూ. "మొత్తానికి బావకి బుద్ధొచ్చింది," అన్నాను అక్కతో. అక్క చేతిలో గిన్నెని ఇంకాస్త గట్టిగా తోమింది.

వానలు వెలిసిన వారానికి టీకాల పెట్టె వేసుకుని ఒక పల్లెకి వెళుతున్నాను. ఎప్పటిలాగే తొందరగా. గోడ మలుపులో మేకలు, వాటి వెనక ఒక ముసలావిడ. బ్రేకు మీద నిలబడ్డాను, టైర్లు బురదలో జారాయి, గార్డు ఆవిడకి తగిలింది. ఆవిడ కనపడకుండా పోయింది. నేను స్టీరింగు వదల్లేకపోయాను. దిగి చూసే ధైర్యం లేక, ఒంట్లో ఉన్న ప్రాణమంతా చెవుల్లోకి తెచ్చుకుని కూర్చున్నాను.

బానెట్టు అంచు మీదుగా ముందు ఒక చెయ్యి, తర్వాత బురదతో నిండిన ఒక తల లేచింది.

"కళ్ళు ఇంట్లో పెట్టొచ్చావురా? నీకు లైసెన్సు ఇచ్చినవాడెవడు, వాణ్ణి తీసుకురా ముందు. మీసం ఒకటి నీ మొహానికి."

మీసం నుంచి మా నాన్న పెంపకానికి, అక్కణ్ణుంచి మా తాతకి, ఆపైన జీపు ఇచ్చిన ప్రభుత్వానికి వెళ్ళింది. చేతులు కట్టుకుని విన్నాను. ఆవిడ మోచెయ్యి గీసుకుపోయింది, తుంటి నొప్పెడుతోందంది, అంతే. మనుషుల ఆసుపత్రికి తీసుకెళితే, కట్టు కట్టిన నర్సునీ చేతులు చల్లగా ఉన్నాయని తిట్టింది.

ఆవిణ్ణి ఇంటి దగ్గర దించాక గార్డు చూశాను. పట్టీలు మడతపడి, మొత్తం వెనక్కి ఒరిగిపోయింది. నల్లరంగు కింద ప్రతి మూలా గుండ్రంగా అరగదీసి ఉంది. ఆఫీసుకి వెళ్ళి మిగతా పదకొండూ వంగి చూశాను. అన్నీ అలాగే ఉన్నాయి. అద్దాలాయన మధ్యాహ్నం ఏసీ గదిలో కునుకు తీసేటప్పుడు, బావ ఒక్కో జీపు ముందూ పాకేవాడని ఆ షాపు పెయింటరు తర్వాత చెప్పాడు.

షాపు పోయింది, అది తిరిగి రాదు. ఆ కోపం నాకు పోలేదు. ఆ కోపంతోనే తిన్నగా అద్దాలాయన షాపుకి వెళ్ళి బావ ముందు నిలబడ్డాను.

"నీ గార్డు వంగిపోయింది."

బావ మొహానికున్న వెల్డింగు మాస్కు పైకెత్తాడు. "దేన్ని గుద్దావు?"

"మేకలు కాసే ముసలావిణ్ణి."

బావ చేతిలోది కింద పెట్టేశాడు. "లేచిందా?"

"లేచింది. లేచి నన్ను తిట్టింది."

"ఎంతసేపు?"

"ముప్పావుగంట."

"మధ్యలో ఆగిందా?"

"ఎక్కడా ఆగలేదు."

"అయితే ఊపిరితిత్తులు కూడా బాగానే ఉన్నాయి," అంటూ బావ మాస్కు కిందికి లాక్కుని పనిలో పడ్డాడు.