డోలీకి రెండో భుజం

మా అయ్య సోంబరు సోమవారం పుట్టాడు. మా మామ బుధు బుధవారం పుట్టాడు. మాలో పేరు పెట్టడం అంత సులువు. పుట్టిన వారమే పేరు, కాదంటే ఇంట్లో పోయినవాళ్ల పేరు. బతికున్నవాళ్ల పేరు మాత్రం పసివాడికి పెట్టరు.

బుధు మా అమ్మ గంగకు ఒక్కగానొక్క తమ్ముడు. అయ్యా, మామా ఇద్దరూ డోలీ మోసేవాళ్లు. ముందు కొస మామది, వెనక కొస అయ్యది. సరదాపడి మోశారనుకునేరు! అడవి ఆఫీసరు బంగళా నుంచి కబురొస్తే పోవాల్సిందే.

1920 చలికాలంలో, ఊళ్లకు ఊళ్లు పట్టుకుపోయిన ఆ జ్వరం డుంబ్రిగుడ సంతకీ వచ్చింది. మా ఊరు దారికి ముళ్లకంప అడ్డం వేసుకుంది. కంప వేశాక బయటికి పోయినవాడు, రోగం తగ్గి అమ్మవారి పండగ చేసేదాకా లోపలికి రాకూడదు. ఆ కట్టుబాటు వల్లే మా ఇళ్లలో అప్పటిదాకా ఒక్కరూ మంచం పట్టలేదు.

ఒకరోజు బంగళా జవాను వచ్చి, ఆ కంపను ఒంటిచేత్తో లాగి పక్కన పడేశాడు.

"అడివి ఆఫీసరు గారి తల్లికి జొరం. ఆసుపత్రికి మొయ్యాల, బేగి రాండి! రాకపోతే మీ ఊరోళ్లని అడివిలో పుల్ల ముట్టనివ్వం."

అమ్మకు నెలలు నిండాయి. "ఆళ్ల ఒంట్లో బాగోకపోతే మన ఊరు తెరుసుకోవాలేటి?" అని మండిపడింది.

"ఏటి సేత్తాం గంగా, ఊరందరికీ అడివి కావాల" అన్నాడు అయ్య.

మామ నవ్వాడు. "ఊరుకోవే అక్కా. గుంటడు పుట్టేసరికి కంప అవతలే ఉంటాం. కేకేత్తే ఇనబడతాది."

వాళ్లు వెళ్లగానే ఊరు మళ్లీ కంప వేసుకుంది. కింద ఆసుపత్రిలో జరిగిందంతా అయ్య నాకు చాన్నాళ్ల తర్వాత చెప్పాడు. ఆవిడకు మంచం, కంబళి, డాక్టరు అన్నీ దొరికాయి. ఆవిడ బతికింది కూడా. మంచిదే, ఆవిడ మీద నాకేం కోపం లేదు. కానీ ఆసుపత్రి బయట చింతచెట్టు కింద పడుకున్న మామకు జ్వరం తగిలితే, కాంపౌండరు గుమ్మం దాటి రాలేదు. మంచాలు లేవు, కొండవాళ్లకు ఆకులూ వేళ్లూ ఉంటాయి కదా అన్నాడట.

అయ్య జవానును బతిమాలాడు. "ఖాళీగా తిరిగెళ్లే డోలీయే కద బాబూ. రెండో కొస పట్టండి సాలు, ఈణ్ణి కొండెక్కించీసుకుంటాను."

"నీకేటి మతి పోనాదా? మీ కొండోణ్ణి నాను మొయ్యాలా?"

ఎన్ని డోలీలు మోసిన మనిషి! తన బావమరిదికి కొస పట్టేవాడు ఒక్కడు దొరకలేదు. మామను వీపున కట్టుకుని అయ్య ఒక్కడే కొండెక్కాడు. కట్టుబాటు ప్రకారం కంప బయట, గెడ్డవాగు ఒడ్డున పాకలో ఆగాడు. మర్నాడే మామ పోయాడు. అయ్యే గొయ్యి తవ్వి పూడ్చాడు.

అమ్మకు మాత్రం చెప్పలేదు. కానుపు ముందు ఆ మాట వింటే ఏమవుతుందోనని భయం. అమ్మ రోజూ రెండు సొరబుర్రల్లో అంబలి పోసి కంప పక్క రాతిమీద పెట్టి వెనక్కి వచ్చేది. అయ్య ఒకటి తాగి, రెండోది మామను పూడ్చినచోట పోసి, రెండు బుర్రలూ ఖాళీగా పెట్టేవాడు.

"తమ్ముడెలాగున్నాడు?" అని అమ్మ దూరం నుంచి కేకేసేది.

"పడుకున్నాడు. నువ్వు జాగర్త!"

శుక్రవారం నాడు మా తమ్ముడు పుట్టాడు. అమ్మ కాస్త నడవగలిగాక రెండు బుర్రలు నా చేతికిచ్చి, పసివాణ్ణి ఎత్తుకుని కంప దగ్గరికి వచ్చింది. అయ్య అవతల, దూరంగా నిలబడ్డాడు.

"గుంటడు! సుక్కురు అనమంటన్నారు" అంది అమ్మ మురిసిపోతూ.

అయ్య తల అడ్డంగా ఊపాడు.

"సుక్కురు వొద్దు గంగా. బుధు అని పిలు."

అమ్మ నవ్వు ఆగిపోయింది. పసివాణ్ణి నాకిచ్చి అక్కడే కూలబడింది. "నాకు సెప్పనేదేటి, నాకు సెప్పనేదేటి" అంటూ కంపను రెండు చేతులా పట్టుకుంది. అరచేతుల్లో ముళ్లు దిగినా వదల్లేదు. అయ్య నిలుచున్నచోటే నిలబడి ఏడ్చాడు. జవాను ఒంటిచేత్తో లాగేసిన కంపను మా అయ్య దాటలేదు.