పూర్ణా మార్కెట్లో ఇనుప వైద్యం

మా ఆయనకు ఫిట్స్ వచ్చినప్పుడల్లా నాకు తాళాల గుత్తుల మీద ఒళ్లు మండుతుంది. పూర్ణా మార్కెట్లో మొదటిసారి పడిపోయినప్పుడు ఇంగువ బేరమాడుతున్నాం. ఒక కేక పెట్టి, కట్టెలా బిగుసుకుపోయి, కాళ్లూ చేతులూ కొట్టుకోవడం మొదలెట్టారు. ఆయన్ని పక్కకు తిప్పి, తల కింద సంచి పెట్టి, వాచీ చూసుకునేలోపు జనం ఇనుము తెచ్చేశారు. తాళాలు, సుత్తి, ఆఖరికి తూకం రాయి. ఒకాయన నోట్లో చెంచా పెట్టబోతే చెయ్యి మీద ఒక్కటేశాను. ఈయన పనిచేసేదే స్టీల్ ప్లాంటులో, ఇనుముతో తగ్గే జబ్బయితే ఈయనకెందుకు వస్తుందని అరిచాను. ఆసుపత్రికి తీసుకుపొమ్మని ఒకటే గోల. ఆయనకిది కొత్త కాదు, దానంతటదే ఆగుతుందన్నాను. ఆగింది కూడా. కాసేపటికి కళ్లు తెరిచి, చుట్టూ ఉన్న సామాను చూసి, "ఏటే, ఇనప కొట్టు ఎట్టేసావా?" అన్నారు.

ఆ రోజు ఎక్కువ తిట్లు తిన్నది ఎదురుగా తాళాలమ్మే సాయిబు గారు. అప్పట్నుంచి నాకు శిష్యుడైపోయారు.

ఈ ఏడు మా ఆయన మళ్లీ ఆ కొట్టున్న సందులోనే పడిపోయారు. ఈసారి సాయిబు గారే పక్కకు తిప్పారు, నోట్లో ఏదీ పెట్టనివ్వలేదు, జనాన్ని దూరం నెట్టారు. నాకు గర్వంగా ఉంది. కొట్టుకోవడం ఆగింది. ఇంక కళ్లు తెరుస్తారని చూస్తుంటే, తెరవకుండానే మళ్లీ బిగుసుకుపోయారు.

"కంగారు పడకు సెల్లెమ్మా, తగ్గిపోద్ది. నువ్వు సెప్పిందే కదా," అన్నారు సాయిబు గారు.

సగమే చెప్పాను. డాక్టరు నాకు చెప్పిన మిగతా సగం వేరే. ఐదు నిమిషాలు దాటినా, తెలివి రాకముందే ఇంకోటి వచ్చినా, ఊపిరి సరిగా ఆడకపోయినా, గట్టి దెబ్బ తగిలినా ఆసుపత్రికి పరుగెత్తాలి. అసలు జన్మలో మొదటిసారి వచ్చినవాళ్లయితే ఎలాగూ వెళ్లాలి.

"తెలివి రాకుండానే రెండోది వచ్చేసినాది, భాయ్. ఇంక సూడకూడదు. అంబులెన్సుకి ఫోన్ సెయ్యండి."

బండిలో ఆయన పక్కన కూర్చున్నాక భయం పట్టుకుంది. ఈ మనిషి లేకపోతే ఇక నేనెవరి మీద అరవాలి?

ఆసుపత్రిలో ఇంజెక్షన్ చేశాక ఆగింది. సెలైన్ పెట్టడానికి నర్సు ఆయన గుప్పిట విప్పితే లోపల ఓ తాళంచెవి ఉంది. ఒళ్లు మండింది.

సాయంత్రం సాయిబు గారు వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డారు. అది ఆయన కొట్టు తాళంచెవేనట. ఊరందరికీ తాళాలమ్మే మనిషి, మధ్యాహ్నం నుంచి తన కొట్టుకు తాళం వెయ్యలేక పక్కవాళ్లను కాపలా పెట్టి వచ్చారు.

"సేతిలో ఇనుము ఎట్టొద్దన్నావని తెలుసమ్మా. నా సెయ్యి ఊరుకోలేదు."

తిడదామని నోరు తెరిస్తే ఏడుపొచ్చింది. మంచం మీద కదలిక. మా ఆయన కళ్లు తెరిచి, నా చేతిలోని తాళంచెవినీ సాయిబు గారినీ మార్చి మార్చి చూశారు.

"ఏటే, ఈపాలి కొట్టే రాసిచ్చేసారా?"

వార్డంతా వినేలా, మనసారా అరిచాను.