సుదర్శనం సారు ఉప్పు తిన్న రోజు

మా సుదర్శనం సారు పని మీద వెళ్ళిన ఇంట్లో ఉప్పు ముట్టరు. బీపీ అనుకునేరు, అదేమీ లేదు. ఆయన తిరుపతిలో చేపల శాఖ ఆఫీసరు. పులికాట్ పక్క ఉప్పు గుంటల్లో నీళ్ళు పరీక్ష చేసి, చేపపిల్లలు వదలొచ్చో లేదో రాయడం ఆయన పని. "ఒకరి ఉప్పు తిన్నాక వాళ్ళ గుంట గురించి నిజం రాయడానికి చెయ్యి రాదు తిరుమలయ్యా" అనేవారు నాతో. పదకొండేళ్ళు ఆయన జీపు నడిపినవాణ్ణి, ఆ మనిషి ఎంత మొండివాడో నాకు తెలుసు.

రోజంతా ఉప్పునీళ్ళ గట్ల మీద తిరగడం, మధ్యాహ్నం చప్పిడి కూడు అడగడం. జేబులో ముక్కుపొడి డబ్బీ ఉండేది, అందులో సొంత ఉప్పు. ఒకసారి కాణిపాకం బస్టాండులో ఎవరో పెద్దాయన "ఒక పట్టు ఇయ్యి సామీ" అని తీసుకుని ముక్కులోకి గట్టిగా పీల్చాడు. మా జీపు కదిలేదాకా తుమ్ముతూనే ఉన్నాడు పాపం.

గురప్ప అని పెద్ద ఆసామి, నలభై ఎకరాల చెరువులు. సారును ఎట్లాగైనా పడగొట్టాలని పులిహోర, వడ, పాయసం చేయించాడు.

"అన్నీ సప్పిడే సార్, మీ మీద ఒట్టు. ఈ మామిడికాయ ఒక్కటి ఏసుకోండి."

"ఊరగాయలో ఉప్పుండదా గురప్పా?"

"అది పోయినేడు ఉప్పు సార్! ఈ యేడు పరీక్షకు దాంతో యాడ సమ్మందం?"

సారు ఊరగాయ పక్కకు నెట్టి, చెరువు పనికిరాదని రాసి లేచారు.

బావమరిది చెరువు తవ్వించినప్పటినుంచి అత్తగారింట్లోనూ ఇదే తంతు. ఆ చెరువు పాసయ్యాక, ఇంకనైనా తినమని భార్య కల్యాణవల్లమ్మ బతిమాలితే "వచ్చే ఏడు మళ్ళీ పరీక్ష ఉండాదే!" అన్నారట.

తొంభై ఎనిమిది ఆగస్టులో గంగులమ్మ గుంటకు వెళ్ళాం. వేరుశనగ పండే రెండెకరాల్లో ఉప్పు తేలి గడ్డి కూడా మొలవకపోతే, మొగుడూ పెళ్ళామూ కలిసి తవ్వుకున్న గుంట అది. ఉప్పునీళ్ళలో పెరిగే పాలబొంత చేపపిల్లల కోసం దరఖాస్తు పెట్టుకున్నారు. మా రూలు ప్రకారం లీటరు నీళ్ళలో ఉప్పు నలభై గ్రాములు దాటితే పిల్లలు ఇవ్వకూడదు. ఒకసారి కాదని రాస్తే ఆ పేరు మళ్ళీ జాబితాకెక్కదు.

సారు చుక్క నీళ్ళు వేసి, కొలిచే గొట్టం కంటికి పెట్టుకున్నారు.

"ఎంత సార్?" అన్నాను.

"యాభై రెండు."

ఎండలకు గుంట సగానికి సగం ఎండిపోయి, మిగిలిన నీళ్ళలో ఉప్పు చిక్కబడింది. గంగులమ్మకు ఆ లెక్కలు తెలియవు గానీ మా మొహాలు చూసి గ్రహించింది.

"పోనీలే సామీ, మీరేం జేస్తారు. అంత దూరం నుంచి వచ్చినారు, ఒక ముద్ద తినిపోండి. గుమ్మడికాయ పులుసు సేసినా. ఉప్పెయ్యలేదు."

సారు కాసేపు గుంట వైపు చూసి, పెన్ను మూత పెట్టేశారు.

"ఉప్పు లేని పులుసేందమ్మా? ఎయ్యి."

నేను బిత్తరపోయాను. ఆయన మాత్రం రెండుసార్లు వడ్డించుకుని, ఆకు ఖాళీ చేసి, చెయ్యి కడుక్కుని కాగితం తీశారు. 'ఈ ఇంటి ఉప్పు తిన్నాను. కావున ఈ గుంటను పరీక్షించడానికి నేను తగను. వేరొక అధికారిని పంపవలసినది' అని రాసి సంతకం పెట్టారు.

"ఆయప్ప ఎప్పుడొస్తాడు సామీ?" అంది గంగులమ్మ బిక్కమొహంతో.

"మా ఆఫీసులో కాగితం కదిలేదానికి మూడు నెలలు పడతాదిలేమ్మా. ఆలోగా వానలు రావా?"

వచ్చాయి. నవంబరు తుఫానుకు గుంట నిండింది. కొత్త ఆఫీసరు కొలిస్తే ఇరవై ఒకటి. చేపపిల్లలు మంజూరయ్యాయి. ఆ కబురు తెలిసిన రోజు నాకు జీపు దిగి ఆయన కాళ్ళకు దండం పెట్టాలనిపించింది.

"సార్, ఆమె కోసమే గదా ఆ పొద్దు ఉప్పు తినింది?"

"నోర్మూసుకుని బండి నడపప్పా. ఆకలేసింది, తిన్నాను."

పదకొండేళ్ళలో ఆయన నోట నేను విన్న అబద్ధం అదొక్కటే.