స్నేహితుడి గ్యారేజ్‌లో ఒక చలికాలం

అమెరికాలో, వర్జీనియాలోని హెర్న్‌డన్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉండే రోజుల్లో ఒక కారు కొన్నాను. రెండు తలుపులు, మడిచేసే గుడ్డ టాప్, చేత్తో మార్చుకోవాల్సిన ఆరు గేర్లు. వెనక సీటు కూడా ఉందని దాని బ్రోషర్‌లో రాశారు, ఎవరి నమ్మకం వాళ్ళది. గ్రీన్ కార్డ్ ఎప్పుడొస్తుందో తెలియనివాడు ఇల్లు కొనకూడదని అందరూ చెప్పారు. ఇలాంటి కారు కొనకూడదని మాత్రం ఎవరూ చెప్పలేదు.

చలికాలంలో అది పనికిరాదు. దాని టైర్లు చలికి బిగుసుకుపోతాయి. మంచు పడ్డప్పుడు రోడ్ల మీద చల్లే ఉప్పు కారు అడుగుని తినేస్తుంది. ఆఫీస్‌కి వెళ్ళడానికి పాత సెడాన్ ఉంది, దాన్ని ఏ ఉప్పు తిన్నా ఒకటే. కొత్తదాన్ని మాత్రం వసంతం దాకా ఒక కప్పు కింద దాచాలి. మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌కి ఆకాశమే కప్పు.

ఆ ఊళ్ళో నేను ఫోన్ చేయకుండా వెళ్ళగలిగిన ఇల్లు ఒక్కటే. కాలేజీలో నా రూమ్మేట్‌ది. వాడికి రెండు కార్లు పట్టే గ్యారేజ్ ఉంది.

"మా దాంట్లో పెట్టేయ్ బావా," అన్నాడు.

అద్దె ఇస్తానన్నాను.

"అద్దె ఇచ్చేవాడివైతే ఇక మా ఇంటికి రాకు."

వాళ్ళావిడ సోఫాలోంచి నవ్వింది. ఆ నవ్వుని నేను ఒప్పుకోలు కింద జమ చేసుకున్నాను. కొంచెం డేటాతో పెద్ద నిర్ణయానికి రావడం మా సాఫ్ట్‌వేర్ వృత్తిలో మామూలే.

నవంబర్ చివర్లో, థాంక్స్‌గివింగ్ వారంలో కారుని కడిగి, ఆరబెట్టి తీసుకెళ్ళాను. లోపల తేమ చేరకుండా ట్యాంక్ నిండా పెట్రోల్ పోయించాను. బ్యాటరీకి ఛార్జర్ తగిలించి, పైన కవర్ తొడిగి, నాలుగు మూలలా సర్దాను. వాడు తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాడు.

"మా అబ్బాయిని మొదటిరోజు డేకేర్‌లో వదిలినప్పుడు కూడా నేనింతసేపు లేను."

ఆ తర్వాత ప్రతి ఆదివారం వాళ్ళింట్లోనే భోజనం. ఆవిడ చేపల పులుసు చేసేది. హాస్పిటల్లో నర్సు ఉద్యోగం, వారమంతా తెల్లవారకముందే డ్యూటీ, అయినా ఆదివారం పులుసు ఉండేది. "ఇంకో ముక్క వేసుకోండన్నయ్యా" అనేది. నేను వేసుకునేవాణ్ణి. తిన్నాక ఒకసారి కారు చూసొస్తానని లేస్తే, వాడు భుజం పట్టి కూర్చోబెట్టేవాడు.

"పడుకోనీ బావా దాన్ని. లేపితే మళ్ళీ నువ్వే జోకొట్టాలి."

ఇంటి ముందు ఆవిడ వ్యాన్ మంచు కప్పుకుని ఉండేది. ఒకసారి దాని పక్కనుంచి నడుస్తూ, "మంచు బాగా పడిందమ్మా," అన్నాను. "అవునన్నయ్యా, బాగా పడింది," అంది.

మార్చిలో రెండు మంచి వానలు పడి రోడ్ల మీది ఉప్పు కొట్టుకుపోయాక, కారు తీసుకోవడానికి వెళ్ళాను. కవర్ లాగి తలుపు తెరిచాను. లోపల పులుసు వాసన. సీట్లలో, సీట్ బెల్టుల్లో, ముఖ్యంగా ఆ గుడ్డ టాప్‌లో. చింతపండు, మెంతులు విడివిడిగా తెలుస్తున్నాయి.

"ఇదేం వాసనరా?"

"ఏ వాసన?" అన్నాడు నిజాయితీగా. వాడికి తెలియదు, అందులోనే ఉంటున్నాడు కదా.

అప్పుడు చూశాను. కారుకి అవతలి పక్కన, సోనా మసూరి బస్తాల ముందు, గ్యాస్ సిలిండర్‌తో ఒక పొయ్యి.

"ఇంట్లో కార్పెట్లు కదా బావా. వాసన కోట్లకి పట్టేస్తోంది. ఆఫీస్ లిఫ్ట్‌లో ఒకావిడ నన్ను చూసి గోడవైపు తిరిగింది. అందుకని నీచు వంట ఇక్కడికి మార్చాం."

"ట్యాంక్ నిండా పెట్రోల్ ఉందిరా."

"నువ్వు చెప్పలేదుగా. అయినా గ్యారేజ్ తలుపు సగం ఎత్తే వండుతుంది."

"అంటే ప్రతివారం ఇక్కడే..."

"మరి ఆదివారం ఆదివారం నువ్వు తిన్నది ఎక్కడ ఉడికిందనుకున్నావ్?"

బాగుందని రెండోసారి వడ్డించుకున్నవాడు వాసన గురించి ఫిర్యాదు చేయడానికి వీల్లేదు. అక్కడితో ఆగాల్సింది. "కారు పెట్టేముందే చెప్పుంటే వేరేచోట చూసుకునేవాణ్ణి కదరా," అన్నాను.

ఇంట్లోకి వెళ్ళే తలుపు తెరుచుకుంది. ఆవిడ మెట్టు మీదే నిలబడింది.

"అన్నయ్యా, మీ కారు ఉన్నది నా వ్యాన్ పెట్టుకునే చోటు. చీకటితో లేచి, అద్దం మీది ఐసు గోక్కుని డ్యూటీకి వెళ్ళాను. నేనేమైనా అన్నానా?"

"అనలేదమ్మా."

"అనకూడదని అనలేదు. మీరు అడుగుతారేమో అనుకున్నాను. మంచు బాగా పడిందన్నారు."

వాడు నేల చూస్తున్నాడు. నాకు మాటిచ్చే ముందు ఆవిణ్ణి అడగలేదని, అడగలేదన్న సంగతి నాకు చెప్పలేదని అప్పుడు అర్థమైంది. నేనిచ్చే అద్దె తీసుకునుంటే నేను కిరాయిదారుణ్ణి, ఆవిడ కావాల్సినప్పుడు నన్ను ఖాళీ చేయించేది. స్నేహితుణ్ణి కాబట్టి ముగ్గురం మర్యాదగా ఒకళ్ళనొకళ్ళం నాలుగు నెలలు భరించాం.

వెళ్ళేటప్పుడు ఆవిడ అలవాటుగా ఒక డబ్బా ఇచ్చింది. వద్దంటే గొడవ అవుతుందని తీసుకున్నాను. ఆ చలిలో టాప్ దించుకుని ఇంటికొచ్చాను.

వాసన జూన్‌కల్లా పోయింది. వాడు ఫోన్ చేస్తాడని నేను, నేను చేస్తానని వాడు. అలా ఎండాకాలం అయిపోయింది. మళ్ళీ చలి మొదలయ్యాక హైవే పక్కన అద్దెకిచ్చే స్టోరేజ్‌లో కారు పెట్టాను. అక్కడి మనిషి నన్ను భోజనానికి పిలవలేదు.

డిసెంబర్‌లో ఎవరిదో పిల్లవాడి మొదటి పుట్టినరోజు. బిర్యానీ లైన్లో నా ముందే వాడున్నాడు. ఆవిడ దూరంగా ఒక టేబుల్ దగ్గర పిల్లాడికి కోటు తొడుగుతోంది, ఇటు చూడలేదు.

"బాగున్నారా?" అన్నాడు వాడు.

నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని చూశాను. లేరు.

"బాగున్నానండీ," అన్నాను.

"కారు ఈసారి ఎక్కడ పెట్టారు?"

"స్టోరేజ్‌లో."

"మంచి పని చేశారు."

లైన్ కొంచెం కదిలింది. ముందు మీరు తీసుకోండని నాకు ప్లేట్ అందించాడు.